ఇంటి దగ్గర ఇంజన్ కట్టుకునేటప్పుడు కోర్ ప్లగ్గులు దించే పద్ధతి: గుణుపురం మిత్రుని ప్రశ్నకు సమాధానం

గుణుపురం మిత్రుడు అడిగినది క్లుప్తంగా ఇది. వారి నాన్నగారి పాత డీజిల్ అంబాసిడర్ ఇంజన్‌ను ఇంటి వసారాలోనే విప్పి, 1489 సీసీ పోత ఇనుప బ్లాకును (సిలిండర్లుండే ఇంజన్ మొండేన్ని) లేత్ షాపుకు ఇచ్చారు. షాపువారు దాన్ని కాస్టిక్ సోడా తొట్టిలో ఉడికించి, పాత కోర్ ప్లగ్గులను (బ్లాకు లోపల నీరు తిరిగే గది రంధ్రాలను మూసే రేకు మూతలను) ఊడదీసి, సిలిండర్లకు బోరింగ్ చేసి తిరిగి ఇచ్చారు. కొత్తగా కొన్న సెట్టులో కప్పుల్లాంటి ప్లగ్గులు కొన్ని, ఉబ్బెత్తు బిళ్ళల్లాంటివి కొన్ని ఉన్నాయి. ఒక కప్పును సాకెట్టు ఆనించి కొట్టి చూస్తే ఒక పక్క లోపలికి దిగి, రెండో పక్క బయటే ఉండిపోయింది. ఆ వంకరపోయినదాన్ని ఏం చేయాలి, ఇత్తడివి మేలా ఇనుపవి మేలా, నీరు కారకుండా పేస్టు పూయాలా వద్దా, ఎంత లోతుకు దించాలి అన్నవి ఆయన సందేహాలు.

ముందుగా వంకరపోయిన ప్లగ్గు సంగతి చెబుతాను. పైకి లేచిన పక్కను కొట్టి దాన్ని సమం చేయాలని చూడకండి. దాన్ని తీసి పక్కన పడేసి కొత్తది వేయండి. కప్పు ప్లగ్గు పక్కగోడ అడుగు నుంచి అంచు వైపు వచ్చేకొద్దీ కొంచెం విచ్చుకొని ఉంటుంది. అన్నిటికంటే వెడల్పైన చోటు దాని అంచే, నీటిని ఆపేదీ ఆ అంచే. అది రంధ్రపు గోడను చుట్టూ ఒకే బిగువుతో పట్టుకోవాలి. ఒకసారి వంకరగా దిగిన ప్లగ్గుకు ఒక పక్క అంచు నలిగి లోపలికి ముడుచుకుంటుంది. ఆ తరువాత ఎంత తిన్నగా నిలబెట్టినా ఆ నలిగిన చోట బిగువు తిరిగి రాదు. ఇప్పుడు కారకపోయినా, ఇంజన్ నాలుగుసార్లు వేడెక్కి చల్లారేసరికి కారుతుంది.

తీసేటప్పుడు ప్లగ్గు మధ్యలో కొట్టి లోపలికి తోసేయకండి. నీటి గదిలో పడితే దాన్ని బయటికి లాగడానికి ఒక పూట పడుతుంది. మొద్దు మొన ఉన్న పంచును ప్లగ్గు అడుగున, ఒక పక్క చివరకు ఆనించి కొడితే అది తలుపులా అడ్డంగా తిరుగుతుంది. అప్పుడు పైకి లేచిన పక్కను పట్టుకారుతో పట్టుకొని లాగేయవచ్చు. చాలా బ్లాకులలో ప్లగ్గు వెనుక కొద్ది దూరంలోనే సిలిండరు గోడ ఉంటుంది. అందువల్ల పదునైన ఉలి వాడకూడదు. రంధ్రం వేసి స్క్రూతో లాగే పద్ధతి పాటిస్తే డ్రిల్లు మొన రేకును దాటగానే ఆపాలి. రంధ్రపు గోడ మీద ఉలి గీత పడిందంటే, కొత్త ప్లగ్గు ఎంత మంచిదైనా ఆ గీత వెంట నీరు దారి చేసుకుంటుంది.

ఈ ప్లగ్గులు అసలు ఎందుకున్నాయో తెలిస్తే మిగిలిన పని సులువుగా అర్థమవుతుంది. బ్లాకును పోత పోసేటప్పుడు సిలిండర్ల చుట్టూ నీరు తిరిగే ఖాళీ ఏర్పడడానికి లోపల ఇసుకతో చేసిన అచ్చును నిలబెడతారు. ఆ అచ్చును పట్టి ఉంచడానికీ, పోత చల్లారాక ఇసుకను రాల్చి తీయడానికీ పక్కలలో రంధ్రాలు వదులుతారు. వాటిని తరువాత నున్నగా తొలిచి ఈ రేకు మూతలతో మూసేస్తారు. చలిదేశాలలో నీరు గడ్డకట్టినప్పుడు ఈ ప్లగ్గు ఊడి బ్లాకును కాపాడుతుందన్న మాట ప్రచారంలో ఉంది. అలా జరిగితే అది అదృష్టమే తప్ప వీటిని పెట్టిన ఉద్దేశం అది కాదు. ఒడిశా కొండల్లోని దారింగబాడి వైపు చలికాలంలో గడ్డి మీద మంచు పేరుకున్నా, మన ప్రాంతపు ఇంజన్లలో ప్లగ్గులను తినేది చలి కాదు, లోపలి తుప్పు.

అందుకే కొత్త ప్లగ్గు చేతిలోకి తీసుకునే ముందు రంధ్రంలోంచి లోపలికి టార్చి వేసి చూడండి. కాస్టిక్‌లో ఉడికించిన బ్లాకు పైకి శుభ్రంగా కనిపించినా, చివరి సిలిండరు వెనుక అడుగు భాగంలో తుప్పు పొడి, సున్నపు పెచ్చులు, కొన్నిసార్లు పోత నాటి ఇసుక, దాన్ని కట్టిన తీగ ముక్కలు కూడా గట్టిగా పేరుకొని ఉంటాయి. నీరు సరిగా తిరగక వేడెక్కే ఇంజన్లలో చాలావాటికి మూలం ఇక్కడే ఉంటుంది. వంచిన గట్టి తీగతో గీకి, ఒక రంధ్రంలోంచి పైపుతో నీరు కొట్టి, మరో రంధ్రంలోంచి తేట నీరు వచ్చేదాకా కడగండి. ప్లగ్గులు మూసేశాక ఈ అవకాశం మళ్ళీ ఇంజన్ విప్పేదాకా రాదు. ఇదే సందర్భంలో ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. కాస్టిక్ తొట్టి ఇనుప బ్లాకుకే తగినది. అల్యూమినియం హెడ్డు (సిలిండర్ల పై మూత) గానీ బ్లాకు గానీ అందులో వేస్తే లోహాన్నే తినేస్తుంది.

తరువాత రంధ్రాన్ని సిద్ధం చేయాలి. నా లెక్కలో ఈ పని మొత్తానికి పెట్టే శ్రమలో మూడు వంతులు ఇక్కడే పెట్టాలి. 180 లేదా 220 నంబరు ఎమరీ కాగితాన్ని వేలికి చుట్టి, రంధ్రపు గోడ చుట్టూ గుండ్రంగా తిప్పుతూ రుద్దండి. బయటి నుంచి లోపలికి నిలువుగా రుద్దితే ఆ గీతలే నీటికి కాలువలవుతాయి. పాత పేస్టు, తుప్పు పూర్తిగా పోయి లోహం మెరిసేదాకా రుద్ది, థిన్నరు ముంచిన గుడ్డతో తుడిచి, ఆ తరువాత గోరును అడ్డంగా లాగి చూడండి. గోరుకు తగలని చిన్న మచ్చలను పేస్టు కప్పుతుంది. గోరు పట్టేంత గుంటలు ప్లగ్గు అంచు కూర్చునే వరుసలోనే ఉంటే పేస్టును నమ్ముకోవద్దు. లేత్ షాపులో ఆ రంధ్రాన్ని కొద్దిగా తొలిపించి, దానికి సరిపడే పెద్ద కొలత ప్లగ్గు వేయించడమే సరైన దారి.

కొలత విషయంలో ప్యాకెట్టు మీది పేరును నమ్మకండి. అంబాసిడర్‌లో ఈ 1489 సీసీ డీజిల్ ఇంజనే కాక ఇసుజు రెండు లీటర్ల డీజిల్ కూడా వచ్చింది. పైగా మన ప్రాంతపు పాత బండ్లలో ఇంజన్ మార్చినవి తక్కువేమీ కావు. వెర్నియర్‌తో ప్రతి రంధ్రాన్నీ అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలిచి, ప్లగ్గు అంచును కూడా కొలిచి, రెండూ రాసుకోండి. కప్పు ప్లగ్గు అంచు రంధ్రం కంటే సుమారు 0.1 నుంచి 0.25 మి.మీ. పెద్దదిగా ఉండాలి. వేలితో నొక్కితేనే లోపలికి జారిపోయే ప్లగ్గు పనికిరాదు. పక్కగోడ ముడతలు పడేంత బలంగా కొడితే గాని దిగని ప్లగ్గూ పనికిరాదు.

కొట్టే సాధనం దగ్గర చాలామంది పొరపడతారు. మీరు వాడిన సాకెట్టు కూడా ఎక్కువ వెడల్పుదై ఉండవచ్చునని నా అనుమానం. కప్పు ప్లగ్గును నోరు బయటి వైపుకు, అడుగు లోపలి వైపుకు పెట్టి దించాలి. సుత్తి దెబ్బ అంచు మీద ఎంతమాత్రం పడకూడదు. అంచు మీద కొడితే సీలు చేయవలసిన భాగమే నలిగిపోతుంది. కప్పు లోపల వదులుగా పట్టి, అడుగు రేకు మీద చుట్టూ సమంగా ఆనే గుండ్రటి దిమ్మ కావాలి. లేత్ షాపులో చెబితే మిగిలిన కమ్మీ ముక్కను ఆ కొలతకు తిప్పి ఇస్తారు. లేకపోతే కప్పు లోపలి వెడల్పు కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు చిన్నదైన సాకెట్టును తీసుకొని, దాని పిడి బిగించే వైపు పైకి ఉంచి, పొడుగు ఎక్స్‌టెన్షన్ తగిలించి వాడవచ్చు. అలాగని సాకెట్టు కప్పులో మరీ వదులైనా ఒక పక్కకు ఒరిగి ప్లగ్గును వంకర తిప్పుతుంది.

బ్లాకును నేల మీద గోనెసంచి పరిచి, ప్లగ్గు దించే పక్క ఆకాశం వైపు ఉండేటట్టు పడుకోబెట్టండి. పక్కకు కొట్టడం కంటే కిందికి కొట్టడంలో చేయి తిన్నగా ఉంటుంది. ప్లగ్గును రంధ్రపు నోటి దగ్గరి ఏటవాలు చెక్కుడు మీద చేత్తో సమంగా కూర్చోబెట్టి, దిమ్మ ఆనించి, మొదట రెండు మూడు తేలికపాటి దెబ్బలు వేసి ఆగి చూడండి. చుట్టూ సమంగా పట్టిందనుకుంటే కిలో సుత్తితో నిబ్బరంగా కొట్టండి. అప్పటికే ఒక పక్క పైకి ఉంటే, ఈ దశలోనైతే తీసి మళ్ళీ కూర్చోబెట్టవచ్చు. సగం దిగాక మాత్రం తీసిన ప్లగ్గును మళ్ళీ వాడవద్దు. దిగుతున్నంతసేపూ దెబ్బ చప్పుడు ఒకలా ఉండి, పూర్తిగా బిగుసుకున్నాక కాస్త మారుతుందని పాత మెకానిక్కులు చెబుతారు. అది నిజమే అయినా లోతును చెవితో కాక స్కేలుతో చూసుకోవడం మంచిది.

ఎంత లోతు అన్నదానికి వస్తే, రంధ్రం నోటి దగ్గర ఏటవాలుగా చెక్కిన భాగం ఒకటి ఉంటుంది. ప్లగ్గు అంచు ఆ చెక్కుడును పూర్తిగా దాటి, తిన్నటి గోడలోకి చుట్టూ సమంగా దిగాలి. చెక్కుడు అంచు కింద అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా దిగితే నేను తృప్తిపడతాను. అంచు చెక్కుడు మీదే ఆగిపోతే దానికి పట్టే గోడే ఉండదు. మరీ లోపలికి దించితే గోడ వెనుక అంచు దాటి పట్టు వదిలేయవచ్చు, కొన్ని చోట్ల సిలిండరు గోడకు ఆని నీటి దారిని మూయవచ్చు. మీ బ్లాకుకు కంపెనీ మాన్యువల్ దొరికి అందులో లోతు అంకె ఇచ్చి ఉంటే నా మాట పక్కన పెట్టి దాన్నే పాటించండి.

సెట్టులోని ఉబ్బెత్తు బిళ్ళల పద్ధతి పూర్తిగా వేరు. అవి కూర్చునే రంధ్రంలో లోపలి వైపు ఒక చిన్న మెట్టు ఉంటుంది. మెట్టు లేని రంధ్రంలో బిళ్ళ వేయకూడదు. బిళ్ళను ఉబ్బు బయటి వైపుకు ఉండేటట్టు మెట్టు మీద పెట్టి, బిళ్ళ వెడల్పులో సుమారు సగం ఉండే కమ్మీని సరిగ్గా నడిమధ్యలో ఆనించి ఒక గట్టి దెబ్బ వేయాలి. ఉబ్బు అణిగి బిళ్ళ దాదాపు చదునవుతున్నప్పుడు దాని చుట్టుకొలత విచ్చుకొని గోడను పట్టుకుంటుంది. అది గుంటపడి లోపలికి వంగేదాకా కొడితే విచ్చుకున్న అంచు తిరిగి ముడుచుకొని వదులవుతుంది. ఇక్కడ పది చిన్న దెబ్బల కంటే ఒకటి రెండు నిండు దెబ్బలే మేలు.

పేస్టు గురించి మా వైపు షెడ్లలో రెండు పిడివాదాలున్నాయి. దండిగా పూస్తే ఏ లోపమైనా కప్పుతుందని కొందరు, సరిగా దిగిన ప్లగ్గుకు అసలు అక్కరలేదని కొందరు అంటారు. కొత్త బ్లాకు విషయంలో రెండో మాట చాలావరకు నిజం. కానీ పాత బ్లాకులో, సన్నటి తుప్పు మచ్చలున్న గోడ మీద పలుచటి పూత అవసరమే. గట్టిపడని రకం గాస్కెట్ పేస్టు గానీ, షెల్లాక్ (లక్క జిగురు) గానీ, గాలి తగలని చోట గట్టిపడే రిటైనింగ్ ద్రవం గానీ ఏదైనా సరిపోతుంది. దాన్ని రంధ్రానికి కాక ప్లగ్గు పక్కగోడకే సన్నగా పూయండి. ప్లగ్గు దిగుతున్నప్పుడు ఎక్కువైన పేస్టును రంధ్రపు నోరే గీకి బయట వదిలేస్తుంది. రంధ్రంలో పూస్తే ఆ ఎక్కువంతా లోపలికి నెట్టబడి, సిలికాన్ అయితే రబ్బరు ముక్కలై రేడియేటరు గొట్టాలలో చేరుతుంది. కారుతున్న ప్లగ్గు మీద బయట నుంచి ఎపాక్సీ ముద్ద అతికించడం దారిలో బండి ఆగినప్పుడు ఇల్లు చేరడానికి పనికివస్తుంది గాని, విప్పిన ఇంజన్‌లో దానికి చోటు లేదు.

ఇత్తడా ఇనుమా అంటే, మీ బండికి నేను ఇత్తడినే ఎంచుకుంటాను. ఇత్తడి నీటిలో ఇనుములా తుప్పు పట్టదు. మెత్తన కనుక, కాస్త అరిగిన రంధ్రంలో కూడా గోడకు ఒదిగి కూర్చుంటుంది. వేడికి ఇత్తడి పోత ఇనుము కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. 40 మి.మీ. ప్లగ్గు 80 డిగ్రీల మేర వేడెక్కితే, ఆ రెండింటి తేడా వల్ల మిల్లీమీటరులో నలభయ్యో వంతు మేర బిగువు పెరుగుతుంది. అది చిన్న అంకెగా కనిపించినా, ఇందాక చెప్పిన 0.1 మి.మీ. బిగువులో నాలుగో వంతు. జింకు పూత ఉన్న ఇనుప ప్లగ్గులు కూడా సరైన కూలెంటు (రేడియేటరులో పోసే చల్లబరిచే ద్రవం) వాడితే చాలా ఏళ్ళు నిలుస్తాయి. స్టెయిన్‌లెస్‌వి గట్టివి కనుక, మచ్చలున్న పాత రంధ్రానికి వాటిని నేను సిఫారసు చేయను.

అయితే ఏ లోహమైనా దాని ఆయుష్షును నిర్ణయించేది రేడియేటరులో పోసే నీరే. ఊళ్ళో బోరునీరు పోసి, నెలకోసారి మళ్ళీ అదే నింపుకునే అలవాటు మన వైపు బాగా ఉంది. ఆ నీటిలోని లవణాలు ఒకవైపు సున్నంలా పేరుకుంటాయి, మరోవైపు తుప్పును పెంచుతాయి. ప్లగ్గు లోపలి వైపు నుంచి పలుచనై, బయట సూదిబెజ్జమంత చోట తెల్లటి లేదా ఎర్రటి చార కనిపించేసరికి లోపల రేకు దాదాపు అయిపోయి ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్‌లో 30 నుంచి 50 శాతం దాకా గ్లైకాల్ కూలెంటు కలిపి పోయండి. ఇంతగా చెప్పడానికి మన కొండల ఘాట్ రోడ్డు కూడా ఒక కారణం. సాలూరు నుంచి సుంకి మీదుగా పొట్టంగి, కోరాపుట్ వైపు నిండు బరువుతో ఎక్కే బండిలో కూలెంటు చాలాసేపు గరిష్ఠ వేడిలో ఉంటుంది. సముద్రమట్టానికి 850 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న కోరాపుట్‌లో మూతలేని గిన్నెలో నీరు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతుంది. కనుక రేడియేటరు మూత ఇచ్చే ఒత్తిడి మీదే ఇంజన్ ఆధారపడుతుంది. 0.9 బార్ ఒత్తిడిలో 40 మి.మీ. ప్లగ్గును బయటికి నెట్టే బలం సుమారు 11 కిలోలు. సరిగా దిగిన ప్లగ్గుకు అది లెక్కలోది కాదు, చెక్కుడు మీద ఆగిపోయిన ప్లగ్గును ఊడదీయడానికి మాత్రం సరిపోతుంది.

మీరు అడగకపోయినా చెప్పవలసిన పెద్ద విషయం ఆయిలు గ్యాలరీ ప్లగ్గులది, అంటే బేరింగులకు ఆయిలు వెళ్ళే సన్నటి దారుల చివరలను మూసేవాటిది. నీటి ప్లగ్గు కారితే మరక కనిపిస్తుంది, బండి ఆపుకోవచ్చు. ఆయిలు గ్యాలరీ ప్లగ్గు లోపల ఊడితే బేరింగులకు ఒత్తిడి పోయి, మీటరు చూసుకునేలోపే క్రాంకు షాఫ్టు (పిస్టన్లు తిప్పే ఇరుసు) దెబ్బతింటుంది. గ్యాలరీలోని ఒత్తిడి మూడు నాలుగు బార్ల దాకా ఉంటుంది. బోరింగ్, హోనింగ్ (సిలిండరు గోడను రాతితో సానపట్టడం) చేసిన పొడి ఈ సన్నటి దారులలో చేరుతుంది కనుక, షాపువారు ఈ ప్లగ్గులను తీయకుండా ఉడికించి ఇచ్చి ఉంటే తప్పకుండా తీయించండి. మరలున్న ప్లగ్గు మొండికేస్తే, దాని చుట్టూ ఉన్న ఇనుమును గ్యాసు మంటతో వేడిచేసి, కొవ్వొత్తిని ప్లగ్గు అంచుకు తాకించండి. కరిగిన మైనం మరలలోకి పాకి పట్టు వదులుతుంది. ఈ మంట పని కిరోసిన్‌తో కడగడానికి ముందే, కిరోసిన్ డబ్బాను దూరంగా పెట్టి చేయాలి.

గ్యాలరీలను పొడుగాటి సన్న బ్రష్షుతో, మొదట కిరోసిన్‌తో, తరువాత సబ్బు కలిపిన వేడినీటితో కడిగి, కంప్రెసర్ గాలి కొట్టి, తెల్లటి గుడ్డ పేలికను తీగకు చుట్టి లాగి చూడండి. గుడ్డకు బూడిదరంగు అంటినంతకాలం కడగడం అయిపోనట్టే. అక్కడితో ఆగకుండా వెంటనే ఆయిలు పట్టించండి, లేకపోతే తేమకు గంటలోనే తుప్పు మొదలవుతుంది. ప్లగ్గు కూర్చునే మరలను మాత్రం థిన్నరుతో తుడిచి పొడిగా ఉంచి, రిటైనింగ్ ద్రవం రెండు చుక్కలు వేసి బిగించండి. కొళాయిలకు చుట్టే తెల్ల టేపు ఇక్కడ వద్దే వద్దు. దాని పోగు ఒక్కటి తెగి బేరింగు రంధ్రానికి అడ్డం పడితే చాలు. సిలికాన్ పేస్టుకూ ఇదే మాట వర్తిస్తుంది.

మరలు లేని చిన్న కప్పు ప్లగ్గులైతే దించిన తరువాత, ప్లగ్గుకు వెలుపల ఉండే రంధ్రపు అంచు లోహాన్ని చుట్టూ మూడు చోట్ల పంచుతో కొట్టి లోపలికి ఒత్తాలి. అప్పుడు ఒత్తిడికి ప్లగ్గు జరిగినా బయటికి రాదు. దించే ముందు లోతును తీగతో కొలిచి చూసుకోవడం ఇక్కడ ఇంకా ముఖ్యం. ముఖ్య గ్యాలరీ చివర దగ్గర మెయిన్ బేరింగుకు వెళ్ళే అడ్డదారి ఒకటి తెరుచుకొని ఉంటుంది. ప్లగ్గు కొద్దిగా ఎక్కువ దిగినా దాని నోరు సగం మూసుకుపోతుంది, బయట నుంచి చూస్తే ఏమీ తెలియదు. బిగించాక ఆ బేరింగు రంధ్రంలోంచి గాలి కొట్టి, మిగిలిన రంధ్రాలన్నిటి నుంచీ ధారాళంగా వస్తోందో లేదో చేయి అడ్డం పెట్టి చూసుకోండి. క్రాంకు షాఫ్టులో కూడా ఇలాంటి ప్లగ్గులుంటే ఇదే పద్ధతి పాటించాలి.

కామ్ షాఫ్టు (వాల్వులను తెరిచే ఇరుసు) వెనుక చివర ప్లగ్గు ఉండే ఇంజన్లలో, ఆ ఇరుసు తిరిగే కామ్ బుష్షులు ఎక్కించిన తరువాతే దాన్ని దించాలి. అది కారితే ఆయిలు క్లచ్చు మీదికి వస్తుంది. గేరుబాక్సు వైపు, ఫ్లైవీలు వెనుక దాగి ఉండే నీటి ప్లగ్గుల సంగతీ ఇంతే. బండిలో ఇంజన్ ఉండగా వాటిని అందుకోవాలంటే గేరుబాక్సు దించాలి. అందుకే, మీ షాపువారు తీయకుండా వదిలినది ఒక్కటి ఉన్నా, చూడడానికి బాగానే ఉందని దాన్ని ఉంచకండి.

ఇంజన్‌ను బండిలోకి ఎక్కించకముందే ఒక పరీక్ష చేయండి. హెడ్డు బిగించాక, నీటి పంపు వైపు, థర్మోస్టాట్ వైపు నోళ్ళకు చిన్న రబ్బరు గొట్టం ముక్కలు తొడిగి, ఒకదాన్ని బోల్టు దూర్చి క్లాంపుతో మూయండి. రెండోదానికి పాత సైకిలు ట్యూబు వాల్వు అమర్చి, హీటరు గొట్టం, డ్రెయిన్ కొళాయి వంటి మిగతా దారులు మూసి, పంపుతో 1 బార్ దాకా గాలి ఎక్కించండి. అంతకు మించవద్దు, గొట్టం ముక్క ఎగిరి తగిలే ప్రమాదం ఉంది కనుక ఎదురుగా నిలబడవద్దు. ప్రతి ప్లగ్గు చుట్టూ సబ్బు నురుగు పూసి బుడగల కోసం చూడండి. బుడగ వచ్చిన ప్లగ్గును మళ్ళీ కొట్టి బిగించే ప్రయత్నం చేయకుండా తీసి కొత్తది వేయండి.

ఇంజన్ నడిచాక మొదటి కొన్ని రోజులు ప్లగ్గుల చుట్టూ సుద్దపొడి రుద్ది ఉంచితే కంటికి కనిపించని చెమ్మ కూడా మరకగా తేలుతుంది. ఇత్తడి ప్లగ్గుల కోసం బరంపురం గానీ విజయనగరం గానీ వెళ్ళేటప్పుడు బండి పేరుతో కాకుండా, మీరు రాసుకున్న రంధ్రాల కొలతల కాగితంతో వెళ్ళండి. వెర్నియర్ కూడా జేబులో పెట్టుకొని, కౌంటరు దగ్గరే ప్రతి ప్లగ్గునూ కొలిచి, ప్రతి కొలతలోనూ ఒకటి అదనంగా తీసుకోండి.